ఇరవయ్యొకటో గంట

హోటల్ నేలమాళిగలో, ఇస్త్రీ యంత్రం పక్కన,
ఫ్రిజ్ తలుపుకి అంటించిన కాగితం మీద
ఫినూలా పెన్సిలుతో మా వారాన్ని గీస్తుంది.
పెన్నుతో ఎప్పుడూ గీయదు.
ఒయున్‌చిమెగ్ పేరుకెదురుగా ఐదు గళ్ళు,
గడికి నాలుగు గంటలు.
ఆ పక్కన ఖాళీ.
ఖాళీలో ఏం రాసినా నేరమే.

తను ఉలాన్‌బాతర్‌లో అకౌంటెంటు.
లెక్క తప్పదు.
సోమవారం పదిహేడు నిమిషాలు ఎక్కువైతే
మంగళవారం పదిహేడు నిమిషాల ముందే ఏప్రన్ విప్పేసి
లిఫ్టు దగ్గర చేతులు కట్టుకుని నిలబడుతుంది,
తప్పు చేసిన పిల్లలా.
నాలుగో అంతస్తులో ఇంకా రెండు పక్కలు పరవాలి.
దుప్పటి ఒక కొస నా చేతిలో.
రెండో కొస పట్టేవాళ్ళు లేరు.

మార్చిలో మా ఇంగ్లీషు బడి మూడు వారాలు మూశారు.
జాండీరా గంతేసింది: "సెలవులు! ఇక నలభై గంటలు!"
ఫినూలా కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
డ్రాయరులోంచి మడతలు పడ్డ కాగితం తీసి చదివింది.
నలభై, జూన్ నుంచి సెప్టెంబరు దాకా.
మళ్ళీ డిసెంబరు పదిహేను నుంచి జనవరి పదిహేను.
మార్చి లేదు.
"మీ బడి ఇచ్చింది అమ్మాయ్, దేశం ఇవ్వలేదు."

సాయంత్రం ట్రామ్‌లో ఒయున్‌చిమెగ్‌కి చెప్పాను:
మా భాషలో పని మానడమూ సెలవే,
తమ సెలవైతే అంటే, మీరు ఒప్పుకుంటే అని,
వెళ్ళొస్తానని లేచేటప్పుడూ సెలవే.
లిఫీ నది దాటేదాకా ఆలోచించింది.
"ఒక్క మాటకి ముగ్గురు యజమానులా?
మరి జీతం ఎవరిస్తారు?"

అద్దెకి మాత్రం ఏ అర్థంలోనూ సెలవు లేదు.
ఒకే గదిలో ఆరుగురం, అంతస్తుల మంచాలు మూడు,
ఒకటో తారీఖు పొద్దున్నే తలుపు మీద వేలి కణుపుల చప్పుడు.

జాండీరా ఒక చోటు కనుక్కుంది.
కార్లు కడగాలి, చేతికే నోట్లు, పేరు అడగరు.
మూడు రోజులు వెళ్ళింది.
నాలుగో రోజు యజమాని సగమే లెక్కపెట్టి
మిగతా సగం తన జేబులోకి తోసుకున్నాడు.
ఎవరికి చెప్పుకుంటుంది?
ఇరవయ్యొకటో గంటకి నోరుండదు.

నేనూ వెళ్ళాను. ఒక్క శనివారం.
చెప్పడం ఇదే మొదటిసారి.
నురగలో చేతులు మొద్దుబారాక కూడా
గేటు వైపే చూస్తూ తుడిచాను
ఎవరిదో ఎర్ర కారు, తుడిచిందే తుడిచి.

ఒయున్‌చిమెగ్ రాలేదు.
నిజాయితీయా, భయమా, నేను అడగలేదు.
బంగాళాదుంపలు ఉడకబెట్టి డబ్బాలో పెట్టుకుని
ఫీనిక్స్ పార్కుకి నడిచిపోయింది,
బస్సు డబ్బులు మిగుల్చుకుంటూ.
చీకటి పడ్డాక బూట్లనిండా బురదతో వచ్చింది.
"జింకల్ని లెక్కపెట్టాను. నలభై ఒకటి.
ఒకటి పరిమితి దాటింది," అంది,
తనే ముందు నవ్వింది. పైమంచం నుంచి
జాండీరా కూడా, చాలా రోజుల తర్వాత.

డిసెంబరు పద్నాలుగు రాత్రి
ఫినూలా రబ్బరు తీసుకుంది.
నాలుగులు చెరిపి ఎనిమిదులు రాసింది,
గళ్ళన్నీ పొట్టలు పెంచుకున్నాయి.
పండక్కని తన సంచీ సర్దుకుని
కార్క్ వెళ్ళే రైలెక్కింది.
ఆమె సెలవు మొదలైన రోజే మా సెలవూను.
మేం పరుపులు ఎత్తాం.
ఊరంతా దీపాలట, చూసొచ్చినవాళ్ళు చెప్పారు.
రెండో కొస ఒయున్‌చిమెగ్ పట్టుకుంది,
దుప్పటి ఒక్క దులుపుకి గాలిలో నిలిచి
నెమ్మదిగా దిగింది.
ఆ నెల మేం పెద్దగా మాట్లాడుకోలేదు.
నిద్రపోతూ నడిచేవాళ్ళకి మాటలేముంటాయి.

జనవరి పదహారున మళ్ళీ రబ్బరు.
ఎన్నిసార్లు చెరిపారో అక్కడ,
తన పేరు పక్క గడిలో కాగితం పలచబడి
వెనకున్న ఫ్రిజ్ తెలుపు కనిపిస్తోంది.
దాని మీద కొత్తగా, మెల్లగా,
చిరిగిపోకుండా
నాలుగు.